సంజాయిషీ

పదేళ్ల కిందటి మాట. నేను పనిచేస్తున్న చోట ఒక నివేదికలో అంకెలు తప్పాయి. ఆ అంకెలు నేను వేసినవి కావు. కాని చివర సంతకం నాది. మొదట సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. అది చాలదన్నారు. తప్పు పూర్తిగా నాదేనని ఒప్పుకుంటూ క్షమాపణ రాసివ్వమన్నారు. ఒక పూటంతా కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. సాయంత్రం అయిదింటికి రాసిచ్చాను. నాలుగే వాక్యాలు. ఇంటి అప్పుకు ఇంకా పదకొండేళ్ల వాయిదాలు మిగిలి ఉన్నాయి. ఇంతకన్నా వివరం అక్కరలేదనుకుంటాను.

ఆ రాత్రి నిద్ర పట్టక అలమరలోంచి తీసిన పుస్తకం భానుమతీ రామకృష్ణ స్వీయచరిత్ర ‘నాలో నేను’. చేతికి అందింది కనుక తీశానని ఇంట్లో చెప్పాను గాని, కావాలనే తీసి ఉంటాను. క్షమాపణ రాసివ్వనని ఒక గొప్ప చిత్రాన్నే వదులుకున్న మనిషి ఆవిడే కదా!

‘మిస్సమ్మ’ కథ మీకు తెలియనిది కాదు. తెర మీది కథ సరే, తెర వెనుకది కూడా చాలామంది వినే ఉంటారు. 1955లో విడుదలైన ఆ విజయా వారి చిత్రంలో మేరీ పాత్రకు మొదట అనుకున్నది భానుమతిని. సావిత్రికి ఇచ్చింది రెండో నాయిక పాత్ర. నాలుగు రీళ్ల దాకా చిత్రీకరణ జరిగిందంటారు. వరలక్ష్మీ వ్రతం నాడు భానుమతి ఆలస్యంగా వచ్చారు. ముందే కబురు చేశానన్నది ఆవిడ వాదన. ఆ కబురు తనకు చేరలేదన్నది చక్రపాణిగారి కోపం. క్షమాపణ రాసివ్వమన్నారు. ఆవిడ ససేమిరా అన్నారు. మేరీ పాత్ర సావిత్రికి వెళ్లింది, సావిత్రి వదిలిన సీత పాత్ర జమునకు వెళ్లింది.

ఈ ఉదంతంలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకున్నది ఆ నిరాకరణ కాదు, దాని గురించి ఆవిడ తర్వాత మాట్లాడిన తీరు. ఆ చిత్రం పోయినందుకు విచారం లేదని బుకాయించలేదు. మంచి పాత్ర తన చేజారిందని ఒప్పుకున్నారు. అందువల్ల సావిత్రి వంటి గొప్ప నటి వెలుగులోకి వచ్చిందని సంతోషమూ చెప్పుకున్నారు. పోగొట్టుకున్నదాన్ని చిన్నది చేసి చూపకుండా, దక్కించుకున్నవారిని తక్కువ చేయకుండా మాట్లాడటం ఎంత కష్టమో ఎప్పుడైనా ఏదైనా పోగొట్టుకున్నవారికి తెలుస్తుంది.

కాని ఆ రాత్రి ఆవిడ మీద నాకు గౌరవం కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. మీకేమమ్మా, భరణీ ఉంది కదా అనిపించింది! భర్త రామకృష్ణగారు దర్శకుడు. కొడుకు పేరు మీద సొంత సంస్థ, మద్రాసులో సొంత స్టూడియో. ‘లైలా మజ్నూ’, ‘విప్రనారాయణ’ తీసిన సంస్థ అది. 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసి తానే దర్శకత్వం వహించిన మనిషి, నిర్మాత ముందు కాగితం మీద తలవంచవలసిన అవసరం ఏముంది? (1954లో భరణీ వారు తీసిన చిత్రం పేరు ‘చక్రపాణి’. అది కాకతాళీయమో కాదో గాని, తలచుకుంటే నవ్వు వస్తుంది.) ఆత్మాభిమానానికీ ఆస్తిపాస్తులకూ ఉన్న చుట్టరికం గురించి మన పెద్దలు ఎందుకో ఎక్కువ మాట్లాడరు.

తెల్లవారుజాముకు కోపం కొంత దిగింది. దిగాక, నా లెక్క అంత సరిగా లేదని తోచింది. ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన ఆ పిల్ల 1939లో ‘వరవిక్రయం’లో కాళిందిగా తెర మీదికి వచ్చేనాటికి పదమూడు పద్నాలుగేళ్లది. సంగీతం నేర్పిన తండ్రే వెంట నిలబడి, మగ నటులెవరూ ఆమెను తాకే సన్నివేశాలు ఉండరాదని షరతు పెట్టి మరీ పంపారట. 1943లో, ఇంట్లోవారికి ఇష్టం లేకపోయినా, అప్పటికి సహాయ దర్శకుడు మాత్రమే అయిన రామకృష్ణగారిని పెళ్లాడి, చిత్రాలు మానేసి గృహిణిగా ఉండిపోవాలనుకున్నారు. నాటికి భరణీ లేదు, స్టూడియో లేదు. బి.ఎన్. రెడ్డిగారు పట్టుబట్టి ‘స్వర్గసీమ’కు తీసుకురాకపోతే ఆ కీర్తి అంతటితో ఆగిపోయేదేమో. కనుక ఆస్తి వచ్చాక అభిమానం రాలేదు. అయితే ఆస్తి లేని రోజుల్లోనూ ఆవిడకు ఒక ఇల్లు ఉంది. వెనక్కి వెళ్లి తలుపు తడితే తీసేవారున్నారు. కీర్తి కన్నా ఇల్లే తనకు ముఖ్యమని ఆవిడ అనగలిగింది అందుకే కాబోలు. అది మాటవరసకు అన్నది కాదు. అలాగని అందరూ అనగలిగేదీ కాదు.

సావిత్రికి అలాంటి వెనుదారి ఉండిందా? ‘మాయాబజార్’ నాటి వెలుగు గురించి చెప్పనక్కరలేదు. 1968లో ‘చిన్నారి పాపలు’తో ఆమె కూడా దర్శకురాలైంది. సొంతంగా తీసిన చిత్రాలు నష్టాలే మిగిల్చాయి. నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. భానుమతిగారు పోయింది 2005 డిసెంబరు 24న. ఒకే పాత్ర వదులుకున్న మనిషి, అందుకున్న మనిషి... ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూచే అర్హత నాకు లేదు, ఆపేస్తాను.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం టీవీలో ‘మిస్సమ్మ’ వేశారు. అమ్మ పక్కన కూర్చుని చూస్తున్నాను. అప్పటిదాకా పదిసార్లు చూసినా తట్టని సంగతి అప్పుడు తట్టింది. అసలు మేరీ ఎవరు? ఉద్యోగం లేక, డేవిడ్ అప్పు మెడకు చుట్టుకుని, ముక్కూ మొహం తెలియని మనిషికి భార్యనని అబద్ధమాడి అప్పాపురంలో పంతులమ్మ ఉద్యోగంలో చేరిన పిల్ల. ఒళ్లంతా పౌరుషం, చేతిలో చిల్లిగవ్వ లేదు. నోటితో ఎంత విసుక్కున్నా నెల జీతం కోసం ఆ అబద్ధంలోనే ఉండిపోతుంది. క్షమాపణ చీటీ ఒక్కటి రాయలేక భానుమతిగారు వదిలేసినది, ఇలాంటి చీటీలు బతుకంతా రాయక తప్పని పిల్ల పాత్ర!

ఈ మాట అమ్మతో అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, “భానుమతైతే ఆ జమీందారును మొదటిరోజే నాలుగు దులిపేసి రైలెక్కేసేదిరా. సినిమా ఎలా నడుస్తుంది?” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా కాగితం సంగతి అమ్మకు అప్పటికీ చెప్పలేదు. దాని నకలు ‘నాలో నేను’ పుటల మధ్య ఉంది. ఆ పుస్తకం ఎవరైనా అరువడిగితే, ముందు లోపలికి వెళ్లి ఆ మడత తీసి జేబులో పెట్టుకుని వచ్చి ఇస్తుంటాను.