రాకుమారి ఎక్కడ?

పిల్లలూ! మీకొక తమాషా సంగతి చెబుతాను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆనహైమ్ అనే ఊరున్నది. 1955వ సంవత్సరం జులై 17వ తేదీన వాల్ట్ డిస్నీ అక్కడొక పెద్ద వినోదవనం తెరిచాడు. మిక్కీ మౌస్ అనే ఎలుకను సినిమాల్లో ఆడించినవాడు ఆయనే. వనం పేరు డిస్నీలాండ్. దాని నడుమ నిద్రపోయిన రాకుమారి కోట ఒకటి కట్టించాడు. కోట ఎత్తు 77 అడుగులే. అయినా పైకి పోయినకొద్దీ రాళ్ళను చిన్నవి చేస్తూ కట్టారు కనక, కింద నిలబడి చూసేవాడికి అది చాలా ఎత్తుగా కనిపిస్తుంది. ఆ కోట గుమ్మం దాటితే కథల లోకం. అక్కడ మొదటి రోజు నించీ ఉన్న ఆటబళ్ళలో స్నోవైట్ బండి ఒకటి.

స్నోవైట్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మాట్లాడే అద్దం, అసూయపడే సవతి తల్లి, అడవిలో ఏడుగురు మరుగుజ్జులు, విషం పెట్టిన ఆపిలు పండు. డిస్నీ 1937లోనే దాన్ని సినిమాగా తీశాడు. ఇక్కడ ఆ కథలోకి పిల్లల్ని చిన్న బండిలో కూర్చోబెట్టి పంపించేవారు. చీకట్లో బండి పోతూ ఉంటుంది. మరుగుజ్జుల గని వస్తుంది. చెట్లు చేతులు చాచి మీదికి వస్తాయి. ఒక మలుపు తిరిగేసరికి మంత్రగత్తె ఎదురుపడి, ఆపిలు పండు చాచి నవ్వుతుంది. పిల్లలు కెవ్వుమంటారు. బండి బయటికి వచ్చేస్తుంది.

బయటికి వచ్చినవాళ్ళు, "అంతా బాగానే ఉన్నది గాని, రాకుమారి ఎక్కడ? ఎక్కడా కనిపించలేదే?" అని అడుగుతూ ఉండేవారు.

ఎలా కనిపిస్తుంది? బండిలో కూర్చున్నవాళ్ళే రాకుమారి! దాన్ని తయారుచేసినవాళ్ళ ఊహ అది. అడవి మిమ్మల్ని బెదిరిస్తుంది, మంత్రగత్తె మీకే పండు ఇస్తుంది. బండి ఎక్కినవాడు మగపిల్లవాడైనా, మీసాలున్న మామయ్య అయినా, బొజ్జ ఉన్న తాత అయినా, ఆ కాసేపూ స్నోవైటే. ఎంత చక్కని ఊహో చూశారా? అయితే అది చాలామందికి బోధపడలేదు. ఆ ప్రశ్న అలాగే నిలిచిపోయింది. చివరకు 1983లో ఆ బండిని తిరగతోడి కట్టినప్పుడు లోపల స్నోవైట్ బొమ్మ పెట్టారు. ఇంక అడిగేవాళ్ళు లేరు. కాని అంతకు ముందు రాకుమారి అయి వెళ్ళే పిల్లలు, ఆ తరవాత రాకుమారిని చూడటానికి వెళ్ళేవాళ్ళయినారు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు పని ఉన్నది.

1971 అక్టోబరు 1న ఫ్లోరిడా రాష్ట్రంలో ఇంకా పెద్ద వనం తెరిచారు. అక్కడి కోట సిండరెల్లాది, ఎత్తు 189 అడుగులు. అక్కడ కూడా స్నోవైట్ బండి ఉండేది. 2012 మే నెలాఖరున దాన్ని తీసేసి, ఆ కట్టడంలోనే 2013లో రాకుమారీల మందిరం ఏర్పాటు చేశారు. అందులో చీకటీ లేదు, మంత్రగత్తె లేదు. పట్టు గౌనులో రాకుమారి వేషం వేసిన యువతి నిలబడి ఉంటుంది. పిల్లలు వరసలో వెళ్ళి నమస్కరించి, రెండు మాటలు మాట్లాడి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని, ఫోటో దిగి వస్తారు.

మా అమ్మాయి అమెరికాలో ఉంటున్నది. 2024 డిసెంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు అందరం కలిసి ఈ ఫ్లోరిడా వనం చూడబోయాము. మనవడికి ఎనిమిదేళ్ళు, మనవరాలికి నాలుగు. మనవడి దగ్గర సంతకాల పుస్తకం ఉన్నది. పొద్దుటినించీ ఎలుక అనక, బాతు అనక, కనిపించిన వేషగాళ్ళందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాడు. రాకుమారీల మందిరం దగ్గరకూడా ఉత్సాహంగానే వరసలో నిలబడ్డాడు. మా ముందున్న పెద్దమనిషి ఒకాయన, ఎవరో ఏమో, వెనక్కి తిరిగి వాణ్ణి చూసి నవ్వి, "నువ్వు కూడానా?" అన్నాడు. అంతకన్న ఏమీ అనలేదు. వాడు పుస్తకం తీసి చెల్లెలి చేతిలో పెట్టి, "నువ్వే పెట్టించుకురా" అని వరసలోనించి తప్పుకున్నాడు.

వాడితో నేనూ బయటికి వచ్చి బల్లమీద కూర్చున్నాను. ముప్ఫై అయిదేళ్ళు బడిలో పనిచేసినవాడికి ఒకటి తెలుస్తుంది: పిల్లవాడు మాట్లాడాలంటే మనం నోరు మూసుకోవాలి. కాసేపటికి వాడే అన్నాడు: "తాతయ్యా, లోపలికి వెళ్ళి నేనేం చెయ్యాలి? చెల్లి గౌను పట్టుకుని గిర్రున తిరిగి చూపిస్తుంది. నేనేం చూపించను?"

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ పెద్దమనిషి నవ్వు ఒక్కటే కాదు, వాడికి అక్కడ పని కూడా లేదు!

కథలే చూడండి. స్నోవైట్ సినిమాలో రాజకుమారుడికి పేరు లేదు. సిండరెల్లా సినిమాలోనూ లేదు. ఆ రెండు సినిమాల్లోనూ అతను వస్తాడు, పాడతాడో నాట్యం చేస్తాడో, పెళ్ళి చేసుకుని పోతాడు. పేరైనా లేనివాడిలాగా ఉండాలని ఏ పిల్లవాడికి సరదా పుడుతుంది? మన కథల్లో సాధారణంగా ఇది తిరగబడి ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో సముద్రాలవతల చిలకలో ఉంటుంది. దాన్ని పట్టితెచ్చేవాడు బాలవర్ధిరాజు. ప్రయాణమూ వాడిదే, సాహసమూ వాడిదే. తల్లి చెరలో ఎదురుచూస్తూ ఉంటుంది. కథ వినే ఆడపిల్ల ఏ సముద్రం దాటాలి? అక్కడ మగపిల్లవాడికి పని లేదు, ఇక్కడ ఆడపిల్లకు లేదు.

డిస్నీ కంపెనీవాళ్ళకు ఈ చిక్కు తెలియకపోలేదు. 2009లో ఫ్లోరిడా వనంలోని కథల లోకాన్ని పెంచుతామని ప్రకటించారు. ఆ ప్రణాళికలో రాకుమారీల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను పలకరించి రావటం అనే ఏర్పాట్లే ఎక్కువ. "ఇదంతా ఆడపిల్లలకేగా, మగపిల్లలకేదీ?" అన్నారు చాలామంది. 2011లో ప్రణాళిక మారింది. రాకుమారీల ఇళ్ళు పోయి, వాటి బదులు ఏడుగురు మరుగుజ్జుల గనిరైలు వచ్చింది. అది 2014 మే 28న మొదలయింది. ఇది కొండ చుట్టూ ఎగిరి దూకే రోలర్ కోస్టర్. ఒక్కొక్క పెట్టె ఉయ్యాలలాగా అటూ ఇటూ ఊగుతుంది కూడా. లోపల గనిలో రంగురంగుల మణులు మెరుస్తూ ఉంటాయి. చివర మరుగుజ్జుల ఇంట్లో స్నోవైట్ నాట్యం చేస్తూ కనిపిస్తుంది. పాత బండిలో ఉన్న మరుగుజ్జుల బొమ్మలు కొన్ని ఈ ఇంట్లోనే పెట్టారు.

చూశారా? అదే కథ, అదే రాకుమారి, కొన్ని బొమ్మలు కూడా అవే. బోర్డుమీద మాత్రం రాకుమారి పేరు లేదు, మరుగుజ్జుల పేరున్నది. మా మనవడు దాన్ని రెండు సార్లు ఎక్కాడు. "నువ్వు కూడానా?" అని ఎవరూ అనలేదు.

సినిమాలకూ ఇలాగే జరిగింది. 2009లో "రాకుమారి, కప్ప" అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా తీస్తే అనుకున్నంత డబ్బు రాలేదు. రాకుమారి పేరు చూసి మగపిల్లలు రాలేదని కంపెనీవాళ్ళు అనుకున్నారు. మరుసటి ఏడు రాపంజెల్ అనే రాకుమారి కథ సినిమాగా వచ్చేసరికి, ఆమె పేరు తీసేసి "చిక్కుపడినది" అనే అర్థం వచ్చే టాంగిల్డ్ అన్న పేరు పెట్టారు. వ్యాపారం తెలిసినవాళ్ళు గనక చేశారు. నాకు మాత్రం ఇది నచ్చలేదు. పిల్లవాడికి కాకరకాయ ఇష్టం లేదని చెప్పి, దానికి వేరే పేరు పెట్టి వడ్డించినట్టున్నది. పైగా కథలో కాకరకాయ చేదు ఏమీ లేదే!

గనిరైలు ఎక్కేటప్పుడు ఒళ్ళు ఏం చేస్తుందో కూడా చెబుతాను. మన లోచెవిలో ద్రవంతో నిండిన సన్నని గొట్టాలూ చిన్న సంచులూ ఉన్నాయి. బండి వంపు తిరిగినా, కిందికి జారినా అవి మెదడుకు కబురు పంపుతాయి. మూత్రపిండాలమీద టోపీలలాగా ఉండే అడ్రినల్ గ్రంథులు ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి. ఈ గొట్టాలూ గ్రంథులూ ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే విధంగా ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక కొలకర్ర ఉంటుంది. 38 అంగుళాల ఎత్తున్నవాళ్ళను ఎక్కనిస్తారు, లేనివాళ్ళను ఎక్కనివ్వరు. అది ఇంకేమీ అడగదు.

ఇక ఆడపిల్లల సంగతి. 2000 ప్రాంతాన డిస్నీ కంపెనీలో ఆండీ మూనీ అనే అధికారి, మంచుమీద ఆడే ఆట చూడటానికి వెళ్ళాడు. అక్కడికి వచ్చిన ఆడపిల్లలు చాలామంది రాకుమారి దుస్తుల్లో ఉన్నారు. అవి కంపెనీ అమ్మినవి కావు, ఇళ్ళలో కుట్టినవి! ఇంత గిరాకీ ఉన్నదా అని, రాకుమారీలందరినీ ఒక్క పేరుకింద చేర్చి గౌన్లూ కిరీటాలూ బొమ్మలూ అమ్మటం మొదలుపెట్టారు. 2006 నించి ఫ్లోరిడాలో పిల్లలకు రాకుమారి అలంకారం చేసే దుకాణం కూడా వచ్చింది. జుట్టు ముడివేసి, గోళ్ళకు రంగు పూసి, కిరీటం పెట్టి పంపిస్తారు. మా మనవరాలు కూడా ఆ రోజు మా అమ్మాయి కొన్న నీలం గౌనులోనే ఉన్నది. అందులో తప్పేమున్నది? ముచ్చట తీరటం మంచిదే. కాని తల్లిదండ్రులూ ఈ పేజీ చదువుతారు కనక ఒక మాట అడుగుతాను: కిరీటం పెట్టిన తరవాత ఆ పిల్లను ఏం చెయ్యమంటున్నాం? ఫోటోకు నిలబడమనేనా?

ఆ కిరీటం కోరుకునే మగపిల్లలూ ఉంటారు. 2017లో పారిస్ దగ్గరి డిస్నీలాండ్‌లో, ఒక్క రోజు రాకుమారి కావాలని ముచ్చటపడిన మూడేళ్ళ బాలుడికి, అది ఆడపిల్లలకే అని జవాబు వచ్చింది. తల్లి ఆ సంగతి నలుగురికీ తెలిసేలా రాసింది. కంపెనీ క్షమాపణ చెప్పి, ఆడపిల్లలూ మగపిల్లలూ ఎవరైనా రావచ్చునన్నది. ఇది చదివినప్పుడు నాకు మన కూచిపూడి జ్ఞాపకం వచ్చింది. ఆ ఊరి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడని చెబుతారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ జడ పట్టుకుని నిలబడితే జనం కళ్ళప్పగించి చూసేవారు. నాటకరంగంమీద స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలకే దేశమంతా పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వాళ్ళను చూసి, "నువ్వు కూడానా?" అన్నవారు లేరు. ఎందుకంటారా? ఆ పాత్రలో చెయ్యటానికి అంత పని ఉన్నది. సత్యభామ అలుగుతుంది, వాదిస్తుంది, లేఖ రాస్తుంది, గెలవాలని చూస్తుంది. ఊరికే నిలబడదు.

ఇప్పుడు మళ్ళీ ఫ్లోరిడాకు వద్దాం. కప్ప కథలోని రాకుమారి పేరు టియానా. కష్టపడి సొంత హోటలు పెట్టుకున్న పిల్ల. 2024 జూన్ 28న ఆమె పేరనే ఒక పడవ ఆట మొదలయింది. దుంగలాటి పడవలో నీళ్ళమీద పోతాము. టియానా పండగ చేస్తున్నది. ఆమెకు సంగీతం వాయించేవాళ్ళు కావాలి. బురద అడవిలో వాళ్ళను వెతకటానికి ఆమె మనల్ని సాయం పిలుస్తుంది. చివర పడవ 50 అడుగుల ఎత్తునించి జర్రున నీళ్ళలోకి జారుతుంది. బోర్డుమీద రాకుమారి పేరు పెద్ద అక్షరాలతో ఉన్నది. అయినా మా వరసలో మగపిల్లలు ఎంతమందో, ఆడపిల్లలూ ఇంచుమించు అంతమంది ఉన్నారు. మా మనవడు నిలువునా తడిసి బయటికి వచ్చి, "టియానా నన్ను పిలిచింది తాతయ్యా" అన్నాడు. సంతకాల పుస్తకం తడిసిపోతుందని ముందే నా చేతికిచ్చి వెళ్ళాడు లెండి.

మనవరాలు మాత్రం ఆ పడవ ఎక్కలేకపోయింది. అక్కడి కొలకర్ర 40 అంగుళాలు. నీలం గౌను ఎత్తిపట్టుకుని మునివేళ్ళమీద నిలబడింది గాని, దగ్గరున్న ఆమె నవ్వుతూ మడమలు దింపమన్నది. సరిగా అర అంగుళం తక్కువ. ఆ రాత్రి ఇంటికి వెళ్ళగానే వంటింటి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి, నా చేత పెన్సిలుతో తల మీదుగా గీత గీయించుకున్నది. దానికి కొంచెం పైన ఇంకో గీత గీయమన్నది. అది 40 గీత. మేము తిరిగి వచ్చేసిన తరవాత వారం వారం వాళ్ళమ్మ చేత కొలిపించుకుని, ఎంత మిగిలిందో నాకు ఫోనులో చెబుతూ ఉన్నది.