జూలైలో ఉరుగ్వే

“ఇప్పుడెందుకండీ? అక్కడేమీ ఉండదు.” ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉరుగ్వేకి జూలైలో టికెట్టు కావాలన్నప్పుడు హైదరాబాదులో ఒక ట్రావెల్ ఏజెంటు అన్న మాట ఇది. హోటళ్ళు మూసేస్తారు, బీచిలో మనిషి కనబడడు, జనవరిలో వెళ్ళండి అన్నాడు. సముద్రం ఉంటుంది, ఊరు ఉంటుంది, ఊరివాళ్ళు ఉంటారు. ఒక దేశాన్ని చూడటానికి ఇంకేం కావాలి? ఊరివాళ్ళు లెక్కలోకే రాని పర్యటనలు మనకెప్పుడు అలవాటయ్యాయో!

అర్జెంటీనా, బ్రెజిల్ అనే రెండు మహా దేశాల మధ్య, అట్లాంటిక్ ఒడ్డున ఒదిగి ఉంటుంది ఉరుగ్వే. జనం 35 లక్షల లోపే. పశువులు అంతకు మూడు రెట్లకు పైనే. మనకి రోహిణి కార్తె ఎండలు తగ్గి చినుకులు మొదలయ్యేసరికి అక్కడ చలి మొదలవుతుంది. వాళ్ళ వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ మూడు నెలలూ పక్క దేశాల జనమంతా వచ్చి పుంటా డెల్ ఎస్టే అనే సముద్రతీరపు ఊరి మీద పడతారు. తర్వాత సముద్రానికి ఎదురుగా ఉన్న మేడల కిటికీలకు షట్టర్లు దిగిపోతాయి. పెళ్ళివారంతా తరలిపోయాక ఇంటివాళ్ళు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంటుంది అప్పుడా ఊరు. రొట్టెల దుకాణం తెరిచే ఉంటుంది, పిల్లలు బడికి వెళ్తుంటారు, నిన్న వచ్చిన మనిషివి నువ్వేనా అని దుకాణందారు గుర్తుపడతాడు.

అక్కడ బ్రావా బీచిలో ఇసుకలోంచి ఐదు వేళ్ళు పైకి లేచి ఉంటాయి. 1982లో చిలీ శిల్పి మారియో ఇరారాసబల్ చేసిన శిల్పం అది. ఈతకు దిగేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ వైపు అలలు మొరటువి. వేసవిలో జనం ఆ వేళ్ళ మీదికెక్కి, నవ్వుతూ ఫొటోలు దిగుతారు. జూలైలో నైరుతి నుంచి పంపేరో గాలి ఇసుకను మొహాన కొడుతుంటే, ఆ వేళ్ళ వెనక నీళ్ళు విరుచుకు పడుతుంటే, హెచ్చరిక అంటే ఏమిటో వెన్నులో తెలుస్తుంది. శిల్పి ఆ చేతిని అక్కడ పెట్టింది ఏ సముద్రాన్ని ఉద్దేశించో ఆ సముద్రం కనబడేది చలికాలంలోనే.

తిమింగలాల సంగతీ అంతే. సదరన్ రైట్ వేల్ అనే భారీ జాతి, దక్షిణాది చల్లని నీళ్ళలోంచి ఈ తీరానికి వచ్చేది జూలై నుంచి అక్టోబరు దాకా. తల్లులు పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డుకి దగ్గరగా తిరుగుతాయి. ఒకప్పుడు వేటలో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతి ఇది. 2013లో ఉరుగ్వే తన సముద్ర జలాలను తిమింగలాలకూ డాల్ఫిన్లకూ అభయస్థలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. జనవరిలో వెళ్ళినవాళ్ళకు ఇవి కనబడవు. ఏమీ ఉండదన్నాయన ఈ సంగతి చెప్పనే లేదు.

ఇక వాళ్ళు తాగే మాతే. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఉరుగ్వేలో మనిషి చంకలో ఫ్లాస్కు లేకుండా వీధిలోకి రాడు. ఒక చేతిలో బుర్ర, అదే చేతి చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. బస్సెక్కినా, బీచికి వెళ్ళినా, ఆఫీసులో కూర్చున్నా అంతే. ఆ బుర్ర మన సొరకాయ జాతిదే. మా ఊళ్ళో ఎండిన సొరబుర్రల్లో విత్తనాలు దాచేవారు. వాళ్ళు దాన్ని కోసి, అంచుకి లోహపు పట్టీ వేసి, కప్పుగా వాడతారు. అందులో ఎండుటాకు పొడి వేసి, ఒక పక్కకు ఒరిగించి, రెండో పక్క నీళ్ళు పోస్తారు. మరిగే నీళ్ళు పనికిరావు, ఆకు మాడి చేదెక్కిపోతుంది. అడుగున జల్లెడ ఉన్న లోహపు గొట్టంతో పీల్చుకోవాలి. ఆ ఆకు ఎక్కువగా బ్రెజిల్ నుంచే వస్తుంది, అయినా దాన్ని ఇంతగా తాగే దేశం మరొకటి లేదు.

లా పలోమా అనే తీరపు ఊళ్ళో ఒకావిడ నాకు మాతే ఇచ్చింది. చలికాలమంతా పరాయివాళ్ళ వేసవి ఇళ్ళకు కాపలా కాయడం ఆవిడ పని. బస్టాపులో నా పక్కన కూర్చుని, మొదటి బుర్ర తనే తాగింది. పోసేవాళ్ళే ముందు తాగాలి, మొదటిది మరీ చేదు గనక. మళ్ళీ నీళ్ళు పోసి నాకిచ్చింది. గొట్టం ఒక్కటే, తుడిచే ఆచారం లేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చెంబు పెదవికి తగలనిచ్చేది కాదు, ఎత్తి గొంతులో పోసుకునేది, చుక్క ఒలికేది కాదు. పిల్లలం గ్లాసు కరుచుకుంటే ఎంగిలి అని మళ్ళీ తోమించేది. తన కంచం తానే కడుక్కునేది, చివరి రోజుల్లో కూడా. మనిషికీ మనిషికీ మధ్య ఆ జానెడు దూరం ఆవిడకు మర్యాద. ఈవిడకు ఆ దూరం లేకపోవడం మర్యాద. నేను తాగాను. చేదుగా, పచ్చిగడ్డి వాసనతో, వెచ్చగా దిగింది. బుర్ర మళ్ళీ మళ్ళీ చేతులు మారింది. ఇక చాలనిపించినప్పుడే ధన్యవాదం చెప్పాలి, ముందే చెబితే మళ్ళీ పొయ్యరు. జనవరిలో ఆవిడ పక్కలు మార్చి, దుప్పట్లుతికి, ఇళ్ళు కడుగుతూ పరుగులు పెడుతుంటుంది. అప్పుడు నాలాంటివాడి పక్కన కూర్చునే తీరిక ఆవిడకు ఎక్కడిది?

తిండి సంగతికొస్తే, మాంసం బాగా తినే దేశం అది. శాకాహారులు చీజుతో, రొట్టెతో, పాస్తాతో గడుపుకోవాలి. నెలలో 29వ తేదీన మాత్రం బంగాళాదుంపతో చేసే న్యోకీ ఉండలు తినే ఆనవాయితీ ఉంది, పళ్ళెం కింద ఒక నోటు పెట్టుకుని. ఆ రోజు నాకు పండగ.

వీలుంటే కాబో పొలోనియో కూడా వెళ్ళండి. ఊళ్ళోకి రోడ్డు లేదు. రహదారి దగ్గర దిగి, పెద్ద చక్రాల ట్రక్కులో ఇసుక దిబ్బలు దాటాలి. ఇళ్ళకు కరెంటు లైను లేదు. 1881 నాటి దీపస్తంభం ఉంది, దాని కింద రాళ్ళ మీద సీ లయన్లు ఉంటాయి. చలికాలంలో ట్రక్కులు తక్కువ, వేళలు ముందే కనుక్కోండి. ఉన్ని స్వెట్టరూ, గాలికి ఆగే కోటూ రెండూ కావాలి. చలి 10 డిగ్రీల దగ్గరే ఉన్నా తడిగాలి ఎముకల్లోకి దిగుతుంది. జూలైలోనో ఆగస్టులోనో వెళ్ళండి. ఎవరైనా బుర్ర అందిస్తే కాదనకండి.