కంప్యూటర్ పాతదా, సెట్టింగ్ ఆఫ్‌లో ఉందా?

విండోస్ 11కి మీ కంప్యూటర్ పనికిరాదని మెసేజ్ రాగానే కొత్తది కొనాలనుకోవడం తొందరపాటే. ఆ మెసేజ్ వెనకున్న పరీక్ష చూసేది మెషీన్‌లో ఏముందన్నది ఒక్కటే కాదు, ప్రస్తుతం ఏది ఆన్‌లో ఉందన్నది కూడా. విండోస్ 11 అడిగే భద్రతా భాగం టీపీఎం 2.0 సంగతే తీసుకోండి. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న చాలా మెషీన్లలో అది ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, కానీ బయాస్‌లో ఆఫ్ చేసి ఉండొచ్చు. అక్కడ దాని పేరు పీటీటీ. ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. ఇన్ని పేర్లు పెడితే మామూలు మనిషికి దొరికేదెలా? 2021 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన, అర్హత పరీక్షించే హెల్త్ చెక్ యాప్ మొదట్లో కారణమే చెప్పేది కాదు. విమర్శలొచ్చాక వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ ఇచ్చారు.

ప్రాసెసరే పాతదైతే ఏం చేస్తామని అడగొచ్చు. నిజమే, ఏడో తరం ఇంటెల్ చిప్‌లలో దాదాపు ఏవీ విండోస్ 11 ప్రాసెసర్ల జాబితాలో లేవు, అక్కడ తీర్పు సరైనదే. బయాస్‌లో వేలు పెడితే ప్రమాదం కాదా అన్నదీ న్యాయమైన భయమే. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే దాచుకోవాలి. డిస్క్ ఎమ్‌బీఆర్ పద్ధతిలో ఉంటే ముందు దాన్ని జీపీటీకి మార్చకుండా, విండోస్ 11కి కావాల్సిన యూఈఎఫ్ఐ బూట్ పద్ధతికి వెళ్తే విండోస్ తెరుచుకోదు. అయినా టీపీఎం స్థితి చూపించే విండోస్ పనిముట్టు టీపీఎం.ఎమ్ఎస్‌సీ తెరిచి చూడటంలో ఏ నష్టమూ లేదు, పైసా ఖర్చూ లేదు. అన్నీ సరిచేశాక కూడా అప్‌డేట్ పేజీ పాత పాటే పాడొచ్చు. హెల్త్ చెక్‌ను మళ్లీ నడిపితే ఫలితం తాజా అవుతుంది.