సాంచెల మోతలో సిక్సర్

సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) నడుమ నిలబడి మ్యాచ్ చూసేవాడికి వ్యాఖ్యాతతో పని లేదు. కార్ఖానాలో సాంచెలన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు, గోడ మేకుకు వేలాడదీసిన సెల్‌ఫోన్ గొంతు ఏపాటిది? దారం తెగిందా అని ఒక కన్ను, వికెట్ పడిందా అని ఇంకో కన్ను. అందుకే వాడికి బౌలర్ భుజం తెలుసు, కీపర్ ఎంత వెనక నిలబడ్డాడో తెలుసు, అంపైర్ వేలు లేవకముందే సంగతి తెలుసు. ‘ఈ బంతి ఎంతో కీలకం’ అని ఎవరూ చెప్పకుండానే ఏది కీలకమో పసిగడతాడు. క్రికెట్‌ను సరిగ్గా చూసేది వాళ్ళేనని నా గట్టి నమ్మకం.

కోరుట్లకు వెళ్తే కథ తిరగబడుతుంది. బీడీలు చేసే వాకిట్లో కళ్ళన్నీ చాట మీదే. తునికాకు కత్తిరించాలి, తంబాకు పొయ్యాలి, చుట్టాలి, దారం కట్టాలి. టీవీ నడుస్తూనే ఉంటుంది కానీ తలెత్తితే లెక్క తగ్గుతుంది. అక్కడ మ్యాచ్ చెవుల్లోనే జరగాలి. మన వ్యాఖ్యాతలు ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. రేడియో కాలంలో ఆకాశవాణి వాళ్ళు బంతి ఎటు పోయింది, వెంట ఎవరు పరుగెత్తారు, ఎన్ని పరుగులొచ్చాయి అని వరసగా చెప్పేవారు. బొమ్మ వచ్చాక ఆ బాధ్యత తీరిపోయిందనుకున్నారేమో, మిగిలింది ఆశ్చర్యం ఒక్కటే. ‘అద్భుతం! అమోఘం! మామూలుగా లేదు!’ ఏమిటి మామూలుగా లేనిది? క్యాచా, సిక్సరా? చాట ముందున్న పెద్దావిడకు చివరికి మనవడే దిక్కు: “గెల్సిండ్రా, ఓడిండ్రా, అది చెప్పు బిడ్డా.”

2018 డిసెంబర్‌లో స్టార్ వాళ్ళు తెలుగులో ప్రత్యేకంగా స్పోర్ట్స్ ఛానల్ పెట్టినప్పుడు సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. వెంకటపతి రాజు స్పిన్నర్ల గురించి మాట్లాడుతుంటే ఇప్పటికీ వినబుద్ధవుతుంది. బంతిని ఎందుకు గాల్లో కాస్త ఆలస్యం చేశాడో వేళ్ళతో వేసినవాడికే తెలుస్తుంది కదా. చిక్కల్లా మధ్యలో వచ్చే సినిమా పంచ్ డైలాగులతోనే. వాటికి సినిమాలున్నాయి.

సినిమాలంటే గుర్తొచ్చింది. మన ఆటల సినిమాల్లో చాలావాటికి ప్రేక్షకుడి మీద నమ్మకం తక్కువ. ఆఖరి ఓవర్, ఆఖరి బంతి, అది చాలదన్నట్టు మైకు పట్టుకొని మనకు కనిపిస్తున్నదే మళ్ళీ చెప్పే ఇద్దరు. ‘ఒక్కడు’లో హీరో కబడ్డీ ఆటగాడే, అయినా జనానికి కూతకన్నా చార్మినార్ సెట్టే ఎక్కువ గుర్తు. ‘సై’ రగ్బీని చూపించింది. ఆ ఆట ఎరగని మా ఊళ్ళల్లో దాన్ని బంతి పట్టుకొని ఆడే కబడ్డీగా అర్థం చేసుకున్నారు, అందులో పెద్ద తప్పేమీ లేదు. నాకు వీటన్నిటికన్నా 1991లో వచ్చిన ‘అశ్వని’ ఇష్టం. కథ సంగతి ఎలా ఉన్నా, ట్రాక్ మీద పరుగెత్తింది నిజంగా పరుగెత్తే అశ్వినీ నాచప్ప. ఆ అడుగును ఏ డూపూ తేలేడు. ఇక ‘జెర్సీ’లో అందరూ చెప్పుకునేది ఏ సిక్సర్ గురించో కాదు. జట్టులో చోటు దొరికిన అర్జున్ రైల్వే స్టేషన్‌లో, రైలు మోతలో, గొంతు చించుకొని అరవడం గురించి. అక్కడ ఏ వ్యాఖ్యాతా లేడు, ఉంటే పాడు చేసేవాడు.

ప్రకటనల విషయంలో నేను కొంచెం మెత్తన. 2009 ఐపీఎల్‌లో ఒక ఫోన్ కంపెనీ ప్రకటనల్లో జూజూలు వచ్చాయి. అవి కార్టూన్లని చాలామంది అనుకున్నారు కానీ తెల్ల తొడుగులేసుకున్న మనుషులు. మాటల్లేవు కాబట్టి సాంచెల కార్ఖానాలో కూడా పూర్తిగా అర్థమైన ప్రకటన బహుశా అదొక్కటే. ఆ ఏడే ఇన్నింగ్స్ మధ్యలో ఏడున్నర నిమిషాల విరామం పెట్టారు, వ్యూహం కోసమట. మరుసటి ఏడు దాన్ని రెండున్నర నిమిషాల ముక్కలు చేశారు. ఎవరి వ్యూహమో టీవీ చూసేవాళ్ళకు బాగానే తెలుసు. ఇప్పుడు ఆ విరామంలో పెద్ద పెద్ద హీరోలొచ్చి పాన్ మసాలా పేరుతోనే యాలకులు అమ్ముతారు. కోరుట్ల ఆడవాళ్ళు చేసే బీడీల కట్ట మీదేమో జబ్బు బొమ్మ ఉండాలి, ప్రకటన ఉండకూడదు. చట్టం మంచిదే, యాలకులకే దాన్ని దాటే దారి దొరికింది.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే జగిత్యాలకు క్రికెట్ షార్జా మీదుగా కూడా వచ్చింది. 1998 ఏప్రిల్‌లో సచిన్ రెండు రోజుల తేడాతో 143, 134 కొట్టినప్పుడు ఇక్కడి ఇళ్ళల్లో కొందరు అతన్ని చూడలేదు. కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా దుబాయ్ పోయిన కొడుకు మొహం కనపడుతుందేమోనని వెతికారు. 2020లో ఐపీఎల్ మొత్తం ఆ ఎడారికే తరలిపోయింది. దుబాయ్, షార్జా, అబుదాబి మైదానాలకు కూతవేటు దూరంలో క్యాంపుల్లో మనవాళ్ళున్నారు, కరోనా వల్ల లోపలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు. ఖాళీ కుర్చీల మీద రికార్డు చేసిన కేకలు పరిచి టీవీలో వినిపించారు. ప్రసారకర్తల మీద నాకున్న కోపాల్లో ఇదే పెద్దది. నిశ్శబ్దంగా చూపించినా ఎవరం కాదనేవాళ్ళం కాదు.

2025 ఆసియా కప్ ఫైనల్ రాత్రి దుబాయ్ స్టేడియంలో అసలు కేకలే ఉన్నాయి. ఆన్‌లైన్ పందేల ఆటల మీద ఆగస్టులో చట్టం రావడంతో స్పాన్సర్‌గా ఉన్న ఫాంటసీ ఆటల కంపెనీ తప్పుకొని, మన జట్టు చొక్కా ముందు భాగం ఖాళీగా ఉంది. ఎంత అందంగా ఉందో! 20 పరుగులకే 3 వికెట్లు పడ్డాయి, తిలక్ వర్మ ఒక్కడూ నిలబడ్డాడు. టీవీలో ఆపకుండా మాట్లాడుతుంటే తట్టుకోలేక రిమోట్ తీసి గొంతు నొక్కేశాను. తిలక్ 69 దగ్గర అజేయంగా నిలిచి గెలిపించింది ఆ తర్వాతే. కానీ అంతదాకా నా నిశ్శబ్దం సాగలేదు. సద్దుల బతుకమ్మ రెండు రోజుల్లో ఉంది, ఇంటావిడ సత్తు కోసం నువ్వులు వేయిస్తోంది. లోపలి నుంచి కేక వచ్చింది: “సప్పుడు బంద్ జేస్తే వంటింట్ల ఉన్నోళ్ళకు స్కోర్ ఎట్ల తెలుస్తది?”