సరిహద్దుకు ముందే సంత

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణాగ్రాన, సుక్మా జిల్లా కొంటా తాలూకాలో మరైగూడ అనే గ్రామమున్నది. కార్యాలయ పత్రాలలో దాని చూపు రాయపూర్ వైపు. కాలిబాటలలో దాని చూపు గోదావరి వైపు. బస్తర్ పూర్వపు రాజధాని జగదల్‌పూర్ కంటె భద్రాచలం ఈ ఊరికి ఎంతో దగ్గర. ఒక గ్రామానికి ఈ రెండు చూపులు ఎట్లా కలిగాయో తెలిస్తే, చరిత్ర మనుషుల నివాసాలను ఎట్లా మలుస్తుందో తెలుస్తుంది.

ఈ ప్రాంతపు దోర్లాలు కోయలకు దగ్గరివారు. వారి మాటలో తెలుగు విరివిగా వినబడుతుంది. బస్తర్‌ను పాలించిన వంశం సైతం ఓరుగల్లు పతనానంతరం ఇటు వచ్చిన కాకతీయ అన్నమదేవుని తన మూలపురుషునిగా చెప్పుకొన్నది. అడవి నుండి చింతపండు, ఇప్పపువ్వు, జిగురు దిగేవి. మైదానం నుండి ఉప్పు, బట్టలు ఎక్కేవి. ఆ సంతల చుట్టూ చుట్టరికాలు అల్లుకొన్నాయి.

ఆ తరువాత గీతలు వచ్చాయి. 1854లో నాగపూర్ రాజ్యంతోపాటు బస్తర్ సంస్థానంపై అధికారం బ్రిటిషువారికి సంక్రమించింది. 1860లో నిజాము గోదావరి ఎడమ గట్టునున్న భద్రాచలం ప్రాంతాన్ని వారికి అప్పగించాడు. దొరల దృష్టి అడవిపైన, నదిపైన పడింది. 1859లోనే దక్షిణ బస్తర్ కోయలు గుత్తేదారులు సాగించిన సాలవృక్షాల నరికివేతను ఎదిరించి నిలిచారు.

నది కథ మరొకటి. బీరారు పత్తిని పడవలపై కాకినాడ రేవుకు చేర్చవలెనని ఆర్థర్ కాటన్ తలపోశాడు. దారిలోని రాతి అడ్డులను దాటించుటకు దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. అమెరికా అంతర్యుద్ధం (1861-65) కారణంగా పత్తికి గిరాకీ పెరిగిన కాలమది. కాని 1867లో రైలు నాగపూర్ చేరింది. 1871లో ఎగువ గోదావరి నౌకామార్గపు పనులను విరమించారు. పత్తి పడవలు రాలేదు. ఆనకట్ట మాత్రం నిలిచింది.

1874లో భద్రాచలం తాలూకాను మద్రాసు రాజధానిలో కలిపారు. బస్తర్ మధ్యపరగణాల పర్యవేక్షణలో ఉండిపోయింది. పాలనా సౌకర్యం కోసం గీసిన ఆ గీతే కాలక్రమాన రాష్ట్రాల సరిహద్దయింది. ఇటు బడిలో తెలుగు, అటు బడిలో హిందీ. ఇంట్లో మాత్రం రెండూ కాని తల్లిభాష.

అయినా మనిషి తనకు దగ్గరి సంతకే పోతాడు. పటం చూచి బయలుదేరడు. మిరపకోతల కాలంలో సుక్మా పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలే దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల చేలకు దిగివస్తాయి. కొందరు కూలిలో కొంత మిరపకాయలుగానే తీసికొని పోతారు. తాతల నాటి దారే అది. మోసే మూట మారిందంతే.

2005 తరువాత ఆ దారి కూలికి కాక ప్రాణరక్షణకు ఉపయోగపడవలసి వచ్చింది. సల్వాజుడుం, మావోయిస్టుల పోరు నడుమ పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు చేరగా, వేలాదిమంది నాటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకొన్నారు. అక్కడ వారికి గుత్తికోయలన్న పేరు వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. తెలంగాణలో కోయలు షెడ్యూల్డు తెగ. గీత దాటివచ్చిన వారి బంధువులకు మాత్రం ఆ ధ్రువపత్రం, సాగుచేసికొన్న పోడుభూమిపై హక్కు దుర్లభమయ్యాయి. అటవీ అధికారి దృష్టిలో వారు ఆక్రమణదారులు. వనరులపై ఒత్తిడి పెరుగుతుందన్న స్థానికుల భయమూ నిరాధారమైనది కాదు. కాని వారు పరదేశం నుండి వచ్చినవారు కారు. వారి పూర్వులు సంతకు నడచిన దారినే నడచి వచ్చారు.

నౌకామార్గం విఫలమైతే దానిని విరమించే స్వేచ్ఛ పాలకులకు ఉండెను. తాము గీయని గీతను విరమించే స్వేచ్ఛ ఈ అడవిబిడ్డలకు లేదు. వారు ఏ ఊరివారని అడిగేముందు, ఆ ఊరి దారి ఏనాటి నుండి ఎటు పోతున్నదో తెలిసికొనడం న్యాయం.