మంజీర మొసళ్ల మడుగునకు వెల యెంత?

హైదరాబాదునుండి ముంబయి పోవు రాజమార్గమున పటాన్‌చెరువు దాటి కొంతదూరము పోయినచో రుద్రారము వచ్చును. ఇరుప్రక్కల కర్మాగారముల గోడలు, సరకుల లారీల బారులు, వాని నడుమ గణేశగడ్డ దేవాలయము. బండి నిలిపి స్వామికి దండము పెట్టుకొని, హుండీలో నాలుగు రూకలు వేసి సాగిపోవుట బాటసారుల వాడుక. ఆ మార్గముననే సంగారెడ్డి చేరి కల్పగూరువైపు మరలినచో మంజీర జలాశయము కానవచ్చును. పొగగొట్టములను చూచి వచ్చిన కన్నులకు అంత నీరు, అంత నిశ్శబ్దము ఎదురగుట వింతగానే యుండును.

మంజీర మహారాష్ట్రమున బీడ్ జిల్లాలో పుట్టి, కందకుర్తికడ గోదావరిలో కలియు నది. కల్పగూరు ఆనకట్టకు ఎగువనున్న భాగమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము 20 చదరపు కిలోమీటర్లు. మగ్గరు మొసళ్ల రక్షణమే ముఖ్యోద్దేశము. ఎండపొడ తగులగనే అవి లంకల గట్టులపై నోళ్లు తెరచుకొని కదలక పడియుండును. పిల్లలు వానిని ముందు దుంగలనుకొందురు, పిమ్మట తల్లి కొంగు పట్టుకొందురు. చలికాలమున దూరదేశపు బాతులు దిగును. తెడ్డువంటి ముక్కు గల కొంగలు నీటిని కలియబెట్టుచు ఆహారము వెదకుకొనుచుండును. ఇంతేకాదు, హైదరాబాదు బిందెలు దశాబ్దములుగా ఈ నీటితో నిండినవి.

ఇట్టి చోటికి వెల కట్టుట యెట్లు? ద్వారముకడ చెల్లించు రుసుమే వెల యనరాదు. 1947లో హోటెల్లింగ్ అను ఆర్థికశాస్త్రవేత్త అమెరికా జాతీయోద్యానముల శాఖకు ఒక లేఖ వ్రాయుచు నొక యుపాయము చెప్పెను. దూరమునుండి వచ్చువాడు పెట్టు ప్రయాణవ్యయమునుబట్టి ఆ స్థలమునకు జనులెంత విలువ నిచ్చుచున్నారో తెలియునట. ఇది మన యింటిపద్దువంటిదే: పెట్రోలు, బండి బాడుగ, కట్టుకొనిపోయిన పులిహోర, ఆ దినమున మానుకొన్న పని, అన్నియు కూడినగాని లెక్క తేలదు.

మరియొక పద్ధతి జనులనే అడుగుట: “ఇది చెడకుండుటకు మీరెంత యిత్తురు?” 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డీజ్ అను ఓడనుండి చమురు ఒలికినప్పుడు, ఆ తీరము నెన్నడును చూడనివారిని సైతము ఇట్లే ప్రశ్నించి, నష్టము 280 కోట్ల డాలర్లని లెక్క తేల్చిరి. చూడకున్నను ఉండవలెనను కోరికకును విలువ యున్నదని దీని భావము.

ఈ ప్రశ్నలో నాకొక లోపము కనబడుచున్నది. నిండు సంచి గలవాని మాటకే ఇందు బరువెక్కువ. మరియు అంగడిలోని నగకు మనమిచ్చు ధర వేరు, అమ్మ పెట్టిన నగను అమ్ముమన్నప్పుడు చెప్పు ధర వేరు. హుండీలో వేసిన చేయి అభయారణ్యపు రుసుముకడ సంకోచించుటయు లేకపోలేదు.

ఇక రుద్రారము చేరువనే పారు నక్కవాగు మాట. పటాన్‌చెరువు కర్మాగారముల మురుగు ఏండ్లతరబడి దీనిలో చేరి, కల్పగూరు ఆనకట్టకు దిగువను మంజీరలో కలిసెను. మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు పటాన్‌చెరువు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నదని 2007లో స్వీడను పరిశోధకులు ప్రకటించిరి. అట్టి వాగు గట్టున చలిదిమూట విప్పుకొనుటకు ఎవరు పోదురు? కనుక యాత్రికుల లెక్కలో దాని వెల సున్న.

అయినను దానికి వేరొక లెక్క జరిగినది. 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పడగా, పొలములు చెడిన రైతులకు నష్టపరిహార మియ్యవలసినదని ఉత్తరువులయ్యెను. బావుల నీరు త్రాగరానిదగుటచే ఆ గ్రామములకు గొట్టములద్వారా మంచినీరు తేవలసివచ్చెను. ఆ గొట్టములలో వచ్చినది మంజీర నీరే.