13-10 తర్వాత ఏం మారింది?

ఓడిపోయిన మ్యాచ్ మర్నాడు ఊళ్ళో ప్రతివాడూ కోచే. క్రికెట్ పుణ్యమా అని మనకిది కొత్త కాదు. టీ కొట్టు దగ్గర నిలబడి ధోనీకి ఫీల్డింగ్ పెట్టడం నేర్పినవాళ్ళం మనం :) కాకపోతే ఇప్పుడు చెప్పబోయేది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సంగతి. "ఆ కోడిగుడ్డు బంతి ఆట మాకెందుకయ్యా" అనేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నాకూ మొదట్లో పట్టేది కాదు. ఎమ్మెస్‌కి కొలంబస్ వచ్చాక, శనివారం కూరగాయలకి వెళ్ళాలన్నా ఓహయో స్టేట్ మ్యాచ్ టైము చూసుకుని బయల్దేరాల్సి వచ్చేసరికి తెలుసుకోక తప్పలేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది ఆఫెన్స్. వాళ్ళకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు. ముందు వరసలో ఐదుగురు భారీకాయులు గోడలా ఉంటారు, వాళ్ళ వెనక క్వార్టర్‌బ్యాక్. అతను బంతిని పరిగెత్తేవాడి చేతికివ్వొచ్చు, లేదా దూరంగా ఉన్న రిసీవర్‌కి విసరొచ్చు. ఆ ఐదుగురి గోడ కూలిందా, వెనక ఎంత మొనగాడున్నా చేసేదేమీ లేదు. ఇంతే. మిగతాదంతా కామెంటేటర్ల సోది.

2024 నవంబర్ 30న మిషిగన్ వాళ్ళు కొలంబస్ వచ్చారు. ఈ రెండు యూనివర్సిటీల గొడవ గురించి చెప్పాలంటే, ఆ వారం క్యాంపస్‌లో బోర్డుల మీద ఉన్న ఎమ్ అక్షరాలన్నిటికీ ఎర్ర టేపుతో ఇంటూ మార్కు కొడతారు. అంత పిచ్చి. ఓహయో స్టేట్ ఆ ఏడాది దేశంలో రెండో ర్యాంకు, పదకొండింట్లో పది గెలిచి ఉంది. ఆటగాళ్ళ మీద సుమారు రెండు కోట్ల డాలర్లు పెట్టామని వాళ్ళ క్రీడా విభాగం పెద్దాయనే చెప్పాడు. మిషిగన్‌ది ఆరు గెలుపులు, ఐదు ఓటములు. మూడు టచ్‌డౌన్ల తేడాతో ఓహయో గెలుస్తుందని పందేలవాళ్ళ లెక్క.

13-10తో మిషిగన్ గెలిచింది. వరసగా నాలుగో ఏడు.

మూడు పాయింట్లతో ఓడటం కాదు ఇక్కడ విశేషం, అంత ఆఫెన్స్ పెట్టుకుని పది పాయింట్లు చేయడం. రెండో సగంలో అయితే సున్నా. 26 సార్లు పరిగెత్తి 77 గజాలు. అంటే సారికి మూడు గజాలు కూడా లేవు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చుకున్నాడు. కిక్కరు రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాడు. జెరెమయ్య స్మిత్ అని మొదటి సంవత్సరం కుర్రాడు, ఆ వయసులో అలాంటి రిసీవర్‌ని నేనైతే చూడలేదు. అతనికి దక్కినవి 35 గజాలు!

మర్నాటి నుంచి మొదలు. కోచ్ రయన్ డేని పీకెయ్యాలని కొందరు, హోవర్డ్‌ని కూర్చోబెట్టాలని కొందరు, ఆట పద్ధతే మొత్తం మార్చాలని ఇంకొందరు. మా ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర కూడా అవే తీర్పులు. ప్రొడక్షన్ పడిపోయిన మర్నాడు "మొత్తం తిరగరాసేద్దాం" అనే మేధావి ప్రతి టీంలోనూ ఒకడుంటాడు చూడండి, అచ్చం అలాగే.

నా మటుకు నాకు ఆ మ్యాచ్‌లో కనబడింది వేరు. మిషిగన్ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ అని ఇద్దరు కొండల్లాంటివాళ్ళు ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ లీగ్ డ్రాఫ్ట్ జరిగినప్పుడు ఒకడు ఐదో స్థానంలో, ఒకడు పదమూడో స్థానంలో వెళ్ళారు. అటు చివర, మిషిగన్ ఉత్తమ కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ గాయంతో ఆడట్లేదు. అంటే కోట మధ్యలో గోడ గట్టిది, పక్క గుమ్మం తీసే ఉంది. మనవాళ్ళు ఏం చేశారయ్యా అంటే, మ్యాచంతా పోయి పోయి ఆ గోడకే గుద్దుకున్నారు.

ఎందుకు? ఇది నా అభిప్రాయం మాత్రమే. అంతకు ముందు మూడేళ్ళు మిషిగన్ వీళ్ళని బలంతో తొక్కి గెలిచింది. "ఓహయో వాళ్ళు సుకుమారులు, కండబలం లేదు" అన్న మాట పడింది. ఆ మాట అబద్ధమని అదే చోట, అదే మిషిగన్ మీద నిరూపించాలన్న పంతం. పంతానికి పోతే పాయింట్లు రావు కదా.

రెండో కారణం కొంచెం లోతైనది, నాకు ఆసక్తిగా అనిపించింది కూడా ఇదే. అక్టోబర్ 12న ఆరెగన్‌తో మ్యాచ్‌లో లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు పోయింది. నవంబర్‌లో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ దగ్గర నరం తెగింది. ఐదుగురి గోడలో రెండు ముఖ్యమైన రాళ్ళు లేచిపోయాయి. సిమన్స్ లేకపోవడంతో గార్డ్‌గా ఆడే డానవన్ జాక్సన్‌ని సీజన్ మధ్యలో లెఫ్ట్ టాకిల్‌కి జరిపారు. పేరుకి ఒక్క అడుగు పక్కకే, కానీ పని వేరు. గార్డ్‌కి అటూ ఇటూ తోడుంటారు. టాకిల్ చివరివాడు, ఎదుటి జట్టులో అందరికన్నా వేగంగా వచ్చేవాణ్ణి ఖాళీ స్థలంలో ఒంటరిగా ఆపాలి. బ్యాక్ ఎండ్ బాగా రాసేవాణ్ణి రాత్రికి రాత్రి నెట్‌వర్కింగ్‌లో కూర్చోబెట్టి "రెండూ కంప్యూటరే కదా" అన్నట్టు.

ఇలా అతుకులేసిన గోడ ఉన్నప్పుడు కోచ్‌లకి సహజంగా తోచేది, మొదటి ప్రయత్నంలో భద్రంగా పరిగెత్తుదాం అని. చూడ్డానికి జాగ్రత్త. నిజానికి అదే ప్రమాదం. మొదటిసారి గోడకి గుద్దుకుని ఒక గజం వచ్చిందనుకోండి, రెండోసారి ఇంకొకటి. మూడోసారికి ఎనిమిది గజాలు కావాలి, ఇక విసరక తప్పదని స్టేడియంలో పల్లీలమ్మేవాడికి కూడా తెలుసు. డిఫెన్స్ వాళ్ళు పరుగు సంగతి వదిలేసి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకుతారు. రిసీవర్లు దూరం పరిగెత్తేదాకా బంతి పట్టుకుని ఉండాలి. అంతసేపూ ఆ కొత్త టాకిల్ ఒక్కడే నిలబడాలి. అంటే ఎవరిని కాపాడదామని పరిగెత్తామో వాణ్ణే తీసుకెళ్ళి నిప్పుల్లో పడేశాం.

అదే మొదటి ప్రయత్నంలోనే చటుక్కున విసిరితే? పరుగొస్తుందో పాస్ వస్తుందో అవతలివాడికి తెలీదు, ఒక్క క్షణం ఆగుతాడు. బంతి త్వరగా చెయ్యి దాటుతుంది, టాకిల్ తన మనిషిని మూడు నాలుగు సెకన్లు కాదు, రెండు సెకన్లు ఆపితే చాలు. బలహీనమైన గోడకి మంచి మందు వేగమే.

ఓటమి వల్ల ఓహయోకి కాన్ఫరెన్స్ ఫైనల్ పోయింది, మూడు వారాల ఖాళీ దొరికింది. అప్పుడే మొదటిసారి పన్నెండు జట్ల ప్లేఆఫ్ పెట్టారు కాబట్టి ఎనిమిదో సీడ్‌గా లోపలికి రాగలిగారు. కోచ్ మారలేదు. ప్లేలు పిలిచే చిప్ కెల్లీ మారలేదు. హోవర్డూ మారలేదు. డిసెంబర్ 21న టెన్నెసీతో మ్యాచ్, ఎముకలు కొరికే చలి, స్టేడియంలో ఎక్కడ చూసినా అవతలివాళ్ళ నారింజ రంగు. మొదటి డ్రైవ్‌లోనే హోవర్డ్ నుంచి స్మిత్‌కి 37 గజాల టచ్‌డౌన్. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0. హోవర్డ్ 29 విసిరితే 24 చేరాయి, 311 గజాలు. చివరికి 42-17.

జనవరి 1న ఆరెగన్. అక్టోబర్‌లో వీళ్ళని ఒక్క పాయింటుతో ఓడించిన ఆరెగనే. మూడో ప్లేకే స్మిత్ 45 గజాలు లాక్కెళ్ళాడు. తర్వాత ఎమెకా ఎగ్బుకాకి 42 గజాలది ఒకటి. డిఫెన్స్ వాళ్ళ కళ్ళన్నీ రిసీవర్ల మీదే ఉండగా ట్రెవియన్ హెండర్సన్ 66 గజాలు పరిగెత్తాడు. నెల క్రితం సారికి మూడు గజాలు కూడా రాని జట్టండీ ఇది! రెండో క్వార్టర్‌లో 34-0. నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను, కింద ఫ్లాట్ వాళ్ళు కర్రతో కప్పు మీద కొట్టారు. వాళ్ళు మిషిగన్ వాళ్ళేమో తెలీదు :)

ఈ మ్యాచ్‌లన్నిట్లో నేను బంతిని వదిలేసి జాక్సన్‌నే చూసేవాణ్ణి. దానికో కారణం ఉంది. ఆ శీతాకాలం మా టీంలోనూ ఒక జాక్సన్ ఉన్నాడు. వరంగల్ అబ్బాయి, ఫ్రంటెండ్‌లో చెయ్యి తిరిగినవాడు. ఇద్దరు సీనియర్లు మానేస్తే ఇతన్ని చెల్లింపుల బ్యాక్ ఎండ్‌కి జరిపారు. నవంబర్ రిలీజ్ దెబ్బతింది. నేర్పేవాళ్ళు లేరు, పక్కన నిలబడేవాళ్ళు లేరు, ఆన్‌కాల్ మాత్రం రెండు వారాలకోసారి. సమీక్షలో అతని పేరు పక్కన ఎర్ర గీత. ఫిబ్రవరిలో పంపేశారు. హెచ్1 మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు, మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఫోన్‌లో అన్నాడు, "పని రాదని కాదన్నా.. పనే మార్చిన్రు, నేర్చుకునే టైమియ్యలే" అని. నా దగ్గర జవాబు లేదు. 52వ రోజున డాలస్‌లో దొరికింది, మళ్ళీ ఫ్రంటెండే.

ఓహయోలో జాక్సన్‌కి మొదట్లో దెబ్బలు తగిలాయి. తీసి పక్కన పెట్టలేదు, అతను నిలబడగలిగేలా ప్లేలు పిలిచారు. ఆ ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే, 24వ స్థానంలో మిన్నెసోటా తీసుకుంది.

అన్నట్టు, అంతా నల్లేరు మీద నడకేం కాదు. జనవరి 10న టెక్సస్ వాళ్ళు తెలివిగా స్మిత్ మీద ఇద్దరేసి కాపలా పెట్టారు. మ్యాచంతా అతనికి ఒకే ఒక్క క్యాచ్, మూడు గజాలు. ఆఫెన్స్ మళ్ళీ నీరసించింది. అయితే ఇద్దరు ఒకడి దగ్గరుంటే ఇంకోచోట ఒకడు తక్కువే కదా. సగం సమయానికి కొన్ని సెకన్ల ముందు హెండర్సన్‌కి ఒక పొట్టి పాస్ ఇస్తే 75 గజాలు పోయాడు. ఆ మ్యాచ్ గెలిపించింది మాత్రం డిఫెన్సే, జాక్ సాయర్ బంతి లాక్కుని 83 గజాలు పరిగెత్తాడు. 28-14. ఆఫెన్స్ ఖాతాలో వేయలేం.

నాకు అన్నిటికన్నా నచ్చింది జనవరి 20న నోటర్ డేమ్‌తో ఫైనల్లో ఒక ప్లే. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం, మ్యాచ్ చివర్లో ఉంది, మూడో ప్రయత్నం, పదకొండు గజాలు కావాలి. నవంబర్ నాటి జట్టయితే పరిగెత్తి గడియారం కరిగించేది. హోవర్డ్ పైకి విసిరాడు, స్మిత్ మీద ఒక్కడే కాపలా, 56 గజాలు. 34-23, కప్పు వాళ్ళది.

అయితే ఓడిన ప్రతిసారీ ఇలా జరుగుతుందని లేదు. 2025 నవంబర్ 29న మిషిగన్‌ని వాళ్ళ ఊళ్ళోనే 27-9తో కొట్టారు, ఊరంతా పండగ. వారం తిరక్కుండా కాన్ఫరెన్స్ ఫైనల్లో ఇండియానా చేతిలో ఓడారు. స్కోరు చెప్తే నమ్మరు, మళ్ళీ 13-10! మళ్ళీ మూడు వారాల పైనే ఖాళీ. స్మిత్ ఉన్నాడు. పోయినేడు లాగే లేస్తారని అందరం లెక్కలేసుకున్నాం. డిసెంబర్ 31న మయామీ మీద మొదటి సగంలో ఒక్క పాయింటూ రాలేదు. బంతి క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి త్వరగా వెళ్ళట్లేదు, గోడ నిలవట్లేదు. 24-14తో ఇంటికి. నేను రెండో క్వార్టర్‌లో అంట్లు తోమడానికి లేచాను, మళ్ళీ వచ్చి కూర్చునేసరికి ఇంకో మూడో ప్రయత్నం, ఇంకా ఎనిమిది గజాలు.